విదేశాల్లో కార్డు వాడకం, నగదు తీయడం: బ్యాంకు ఛార్జీలను తగ్గించుకోవడం ఎలా?

నీలిదారి

సభ్యులందరికీ నమస్కారం. త్వరలో కొన్ని వారాల పాటు నాలుగైదు దేశాలు తిరిగి రావాలనుకుంటున్నాను. నా దగ్గర మామూలు సేవింగ్స్ ఖాతా డెబిట్ కార్డు ఒకటి, క్రెడిట్ కార్డు ఒకటి ఉన్నాయి. బ్యాంకువారి ఛార్జీల పట్టిక తీసి చూస్తే విదేశీ లావాదేవీ రుసుము, నగదు తీసినందుకు రుసుము, కరెన్సీ మార్పిడి మార్కప్ అని మూడు వేర్వేరు పేర్లు కనిపించాయి గానీ, వీటిలో ఏది ఎప్పుడు పడుతుందో, ఒకదాని మీద మరొకటి పడుతుందో లేదో ఎంత చదివినా తేలడం లేదు. నగదు ముందే మార్చుకుని వెళ్లడం మేలా, అక్కడి ఏటీఎంలో తీసుకోవడం మేలా, అసలు ఈ ఖర్చులను పూర్తిగా తప్పించుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

లెక్కలపద్దు

నీలిదారి గారూ, ఏ డబ్బు ఎవరు తీసుకుంటున్నారో ముందు విడదీసి చూసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. విదేశంలో ఏటీఎం నుంచి ఒక్కసారి డబ్బు తీస్తే నాలుగు చోట్ల కోత పడే అవకాశం ఉంది. మొదటిది మీ బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ రుసుము. ఇది తీసిన మొత్తంలో ఇంత శాతమని ఉంటుంది, చాలా బ్యాంకుల్లో ఒకటి నుంచి మూడున్నర శాతం దాకా వసూలు చేస్తారు, పట్టికలో మార్కప్ అని రాసినా చాలావరకు ఇదే. రెండోది, తమది కాని ఏటీఎం వాడినందుకు మీ బ్యాంకే తీసుకునే స్థిరమైన రుసుము. మూడోది ఆ ఏటీఎం యజమాని వాటా. దీన్ని తెర మీద ముందుగా చూపించి మీ అంగీకారం అడుగుతారు. నాలుగోది మాత్రం ఎక్కడా రుసుము పేరుతో కనిపించదు, మారకపు రేటులోనే కలిసిపోయి ఉంటుంది. మార్పిడిని వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్‌కు వదిలేస్తే టోకు మార్కెట్ రేటుకు దగ్గరగానే జరుగుతుంది. ఏటీఎం చేతికి వదిలేస్తే అది తనకు నచ్చిన రేటు కడుతుంది.

ఇవి ఒకదాని మీద ఒకటి పడతాయా అంటే, పడతాయి. లెక్క కోసం మీ బ్యాంకు శాతం మూడు అనీ, స్థిర రుసుము 3 యూరోలకు సమానమనీ, ఏటీఎం యజమాని రుసుము 4 యూరోలనీ అనుకుందాం. మీరు 100 యూరోలు తీస్తే ఖాతా మీద పడేది 104, దాని మీద మూడు శాతం అంటే 3.12, ఆపైన 3, మొత్తం 110.12 యూరోలు. అదే 400 యూరోలు ఒకేసారి తీస్తే మొత్తం 419.12 అవుతుంది. మొదటి సందర్భంలో పది శాతం పైగా పోయింది, రెండోదానిలో అయిదు శాతం లోపే. ఇక ఆ 400 తీసేటప్పుడు ఏటీఎం తానే కరెన్సీ మారుస్తానంటే సరేనన్నారనుకోండి, అది రేటులో ఎనిమిది శాతం వేసుకుందనుకోండి, అప్పుడు మొత్తం 452 యూరోలు దాటుతుంది. అంటే చేతికి వచ్చిన 400 మీద పదమూడు శాతం. మిగతా మూడు రుసుముల కంటే ఈ ఒక్క అంగీకారమే ఎక్కువ తినేసింది, పైగా నాలుగింటిలో ఒక్క మీట నొక్కి పూర్తిగా వదిలించుకోగలిగింది కూడా ఇదొక్కటే.

కిటికీసీటు

లెక్కలపద్దు గారూ, ఒక సందేహం. ఏటీఎం తానే మార్చి ఇస్తే నా సొంత కరెన్సీలో ఎంత పోతుందో అప్పటికప్పుడే తెలుస్తుంది కదా. బ్యాంకుకు వదిలేస్తే ఏ రేటు పడుతుందో రెండు రోజుల తర్వాత గానీ తెలియదు. తెర మీద కూడా రేటుకు హామీ అని రాసి ఉంటుంది. ఆ నిశ్చింత కోసం కొద్దిగా ఎక్కువ ఇచ్చినా తప్పేమిటి?

దూరపుబాట

కిటికీసీటు గారూ, ఆ ఆలోచన సహజమే, ఆ తెరను రూపొందించినవారు ఆశించేదీ అదే. హామీ ఉన్న మాట నిజమే గానీ, అది ఆ పూటకు మీకు దొరికే చెత్త రేటుకు హామీ. మారకపు రేటు రెండు రోజుల్లో అంత ఎక్కువగా కదలడం అరుదు; దానికి భయపడి అయిదారు శాతం, కొన్ని ఏటీఎంలలో పది శాతం దాటి కూడా ఇవ్వడంలో అర్థం లేదు. ఎంత పడుతుందో ముందే తెలుసుకోవాలనుకుంటే వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ తమ రోజువారీ రేట్లను వెబ్‌సైట్లలో ఉంచుతున్నాయి. మీ బ్యాంకు శాతాన్ని కూడా అక్కడున్న కాలిక్యులేటర్‌లో నింపితే, ఖాతాలో పడబోయే అంకె దాదాపుగా తెలిసిపోతుంది.

ఆ తెరలు ఎలా ఉంటాయో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి చూసేవారు తడబడేది అక్కడే. మొత్తం ఎంచుకుని పిన్ కొట్టాక ముందు యజమాని రుసుము గురించి ఒక తెర వస్తుంది. దానికి సరేననకపోతే డబ్బు రాదు. రుసుము మరీ ఎక్కువనిపిస్తే అక్కడే రద్దు చేసి కార్డు తీసుకుని ఇంకో ఏటీఎంకు వెళ్లవచ్చు, రద్దు చేసినందుకు ఏమీ పడదు. ఆ తర్వాత రెండో తెర వస్తుంది. అందులో మీ సొంత కరెన్సీలో పెద్ద అక్షరాలతో ఒక మొత్తం, కింద రేటు, ఇంకా కింద చిన్న అక్షరాల్లో మార్కప్ శాతం ఉంటాయి. పక్కన రెండు మీటలు: మార్పిడితో కొనసాగించు, మార్పిడి లేకుండా కొనసాగించు. కొన్నిచోట్ల ఇవి అంత స్పష్టంగా కూడా ఉండవు, అంగీకరిస్తున్నాను, తిరస్కరిస్తున్నాను అని మాత్రమే రాసి, అంగీకారానికి ఆకుపచ్చ రంగు, తిరస్కారానికి ఎరుపు రంగు వేస్తారు. తిరస్కరిస్తే లావాదేవీయే ఆగిపోతుందని చాలామంది భయపడి ఆకుపచ్చ నొక్కేస్తారు. నిజానికి తిరస్కరించేది మార్పిడిని మాత్రమే. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి నోట్లు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. కొన్ని యంత్రాలు మీరు నిజంగానే వద్దంటున్నారా అని ఇంకోసారి అడుగుతాయి. మళ్లీ వద్దనే చెప్పాలి.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, చర్చల్లో డీసీసీ అని రాస్తుంటారు. దుకాణాల్లో, హోటళ్లలో కార్డు యంత్రం మీద కూడా ఇదే ప్రశ్న వస్తుంది. వచ్చే లాభంలో దుకాణదారుకూ వాటా ఉంటుంది కాబట్టి కొన్నిచోట్ల గుమాస్తాలు మనల్ని అడగకుండానే మన కరెన్సీ ఎంచేసి యంత్రం చేతికిస్తారు. పిన్ కొట్టే ముందు తెర మీద ఉన్న కరెన్సీ పేరు చూడటం అలవాటు చేసుకోండి.

లెక్కలపద్దు

దూరపుబాట గారి మాటకు ఒక్కటే చేర్పు. డీసీసీకి ఒప్పుకుంటే మీ బ్యాంకు విదేశీ రుసుము తప్పుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. చాలా బ్యాంకులు కరెన్సీని చూసి కాదు, వ్యాపారి ఏ దేశంలో ఉన్నాడన్నది చూసి రుసుము వేస్తాయి. కాబట్టి స్టేట్‌మెంట్‌లో మొత్తం మీ సొంత కరెన్సీలోనే కనిపించినా దాని కింద మూడు శాతం మరో వరుసగా పడుతుంది. విదేశీ సంస్థల వెబ్‌సైట్లలో మీ కరెన్సీలోనే ధర చూసి కొన్నప్పుడు కూడా ఇలా జరగవచ్చు.

యూరోపియన్ యూనియన్‌లో మాత్రం 2019 నాటి ఒక నియంత్రణ ప్రకారం, 2020 ఏప్రిల్ నుంచి ఏటీఎంలూ దుకాణాలూ తమ మార్పిడి ఖర్చును యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తాజా రేటు మీద ఎంత శాతం ఎక్కువో చూపించి తీరాలి. పైన చెప్పిన చిన్న అక్షరాల శాతం అక్కడ కనిపించేది అందుకే. మిగతా చాలా దేశాల్లో రేటు మాత్రమే ఇస్తారు, శాతం మనమే కట్టుకోవాలి.

పాతపెట్టె

మీరందరూ కార్డుల గురించే మాట్లాడుతున్నారు గానీ, నగదు ముందే మార్చుకుని వెళితే ఈ తెరలూ మీటలూ ఏవీ ఉండవు. నేనెప్పుడూ నగదే తీసుకువెళతాను. ఎంత పట్టుకెళ్లానో అంతే ఖర్చు పెడతాను, తిరిగొచ్చాక స్టేట్‌మెంట్ చూసి గుండె పట్టుకోవాల్సిన అవసరం లేదు.

లెక్కలపద్దు

పాతపెట్టె గారూ, ఖర్చు అదుపులో ఉంటుందన్న మాట కాదనను. అయితే నగదు మార్పిడిలో రుసుము లేదనుకోవడం సరికాదు, అక్కడ అది బోర్డు మీదే ఉంటుంది గానీ రుసుమని రాసి ఉండదు. కమీషన్ లేదు అని పెద్ద అక్షరాలతో పెట్టిన కౌంటర్‌లో కొనే రేటు, అమ్మే రేటు రెండూ చూడండి. ఒక కరెన్సీని 90కి కొని 110కి అమ్ముతున్నారంటే అసలు రేటు ఆ మధ్యలో 100 దగ్గర ఉందని అర్థం. మీరు వెళ్లేటప్పుడు పది శాతం, మిగిలింది తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ పది శాతం ఇస్తున్నారు. రెండు రేట్ల మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత మంచి కౌంటర్. విమానాశ్రయాల్లో ఈ ఎడం ఎక్కువగా ఉండటానికి కారణం వాటి అద్దెలు, పోటీ లేకపోవడం, అప్పుడే దిగినవారికి వేరే దారి తెలియకపోవడం. అందుకే వెళ్లిన వెంటనే కావలసిన ప్రయాణ ఖర్చుకు సరిపడా కొద్ది మొత్తం తప్ప అక్కడ మార్చవద్దు.

పాతపెట్టె

విమానాశ్రయంలో ఎవరు మారుస్తారండీ, నగరంలో నాలుగు చోట్ల అడిగి మారుస్తాను. పోటీ ఉన్న నగరంలో ఎడం ఒక శాతానికి దిగువన కూడా ఉంటుంది. మీ మూడు శాతం కార్డు కంటే అది నయం కాదా?

లెక్కలపద్దు

అలాంటి చోట నయమే, ఒప్పుకుంటాను. థాయిలాండ్‌నే తీసుకోండి. అక్కడ విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ దాదాపు ఏ బ్యాంకు ఏటీఎం అయినా 220 బాట్లు లేదా అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది, ఎంత తీసినా అంతే. అదే బ్యాంకాక్‌లో పోటీ పడి నడిచే మార్పిడి దుకాణాల్లో ప్రధాన కరెన్సీల శుభ్రమైన పెద్ద నోట్లకు మంచి రేటు వస్తుంది. అక్కడ నగదు పట్టుకెళ్లినవారే లాభపడతారు. కానీ నగదు పోతే పోయినట్టే, కార్డు పోతే బ్లాక్ చేయించవచ్చు. ఆ తేడాకు ఎంత విలువ కట్టుకుంటారన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సిందే.

నీలిదారి

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. నా దగ్గర క్రెడిట్ కార్డు కూడా ఉందని చెప్పాను కదా, దానితో ఏటీఎంలో నగదు తీయవచ్చా? ఇంకొకటి, ఈ రుసుములేవీ లేని కార్డులు ఉంటాయని విన్నాను. అవి నిజంగా ఉన్నాయా?

దూరపుబాట

క్రెడిట్ కార్డుతో నగదు తీయడం అత్యవసరానికి తప్ప వద్దు. కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, ఆ వడ్డీ రేటు కూడా తరచూ కొనుగోళ్లకు ఉన్నదానికంటే ఎక్కువ. దాని మీద నగదు ముందస్తు (క్యాష్ అడ్వాన్స్) రుసుమని ఇంత శాతం, దానికొక కనీస మొత్తం, ఆపైన విదేశీ రుసుము. ముందుగానే కార్డులో డబ్బు జమ చేసి పెట్టుకుంటే వడ్డీ తగ్గవచ్చు గానీ రుసుము తప్పదు. క్రెడిట్ కార్డును కొనుగోళ్లకు, హోటల్ బుకింగులకు, అద్దె కార్లకు ఉంచుకుని, నగదుకు డెబిట్ కార్డు వాడండి.

రుసుములు లేని కార్డులు ఉన్నాయి, కానీ మీరు ఏ దేశంలో నివసిస్తున్నారన్నదాన్ని బట్టి దొరుకుతాయి. అమెరికాలో చార్లెస్ ష్వాబ్ అనే ఆర్థిక సంస్థ ఇచ్చే చెకింగ్ ఖాతా (రోజువారీ లావాదేవీల ఖాతా) డెబిట్ కార్డుకు విదేశీ రుసుము లేదు, పైగా ప్రపంచంలో ఎక్కడి ఏటీఎం యజమాని తీసుకున్న రుసుమునైనా నెలాఖరుకు తిరిగి ఖాతాలో వేస్తారు. యాత్రికులు దాని పేరు అంతగా తలచుకోవడానికి కారణం ఆ వాపసే. వైజ్, రెవొల్యూట్ వంటి సంస్థలు అనేక దేశాల్లో బహుళ కరెన్సీ ఖాతాలు ఇస్తున్నాయి. వీటిలో మార్పిడి టోకు రేటుకు దగ్గరగా ఉంటుంది, కాకపోతే నెలకు ఇంత వరకే ఉచితంగా నగదు తీయవచ్చని పరిమితి ఉంటుంది, దాటితే రుసుము మొదలవుతుంది. రెవొల్యూట్ మామూలు ఖాతాలో మార్కెట్లు మూసి ఉండే వారాంతంలో మార్పిడికి అదనంగా వేస్తారు కాబట్టి శుక్రవారం పగలే కావలసిన కరెన్సీ మార్చి ఉంచుకోవడం మంచిది. ఎంత మంచి కార్డయినా డీసీసీకి మాత్రం రక్షణ ఇవ్వదు. మార్పిడికి మీరు సరేనంటే ఏ కార్డూ ఏమీ చేయలేదు.

మేఘమాల

బ్యాంకుల మధ్య ఒప్పందాల సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా, బార్క్లేస్, డాయిష్ బ్యాంక్, స్కోషియా బ్యాంక్ వంటివి గ్లోబల్ ఏటీఎం అలయన్స్ పేరుతో ఒకరి ఖాతాదారులకు మరొకరి ఏటీఎంలలో యజమాని రుసుము లేకుండా ఏర్పాటు చేసుకున్నాయి. అయితే యజమాని రుసుము పోయినా శాతం రుసుము ఉంటుంది, బ్యాంక్ ఆఫ్ అమెరికా మూడు శాతం వేస్తుంది. అనేక దేశాల్లో శాఖలున్న బ్యాంకులో మీకు ఖాతా ఉంటే, వెళ్లే దేశంలోని శాఖ ఏటీఎంకు ఏమైనా రాయితీ ఉందేమో అడిగి చూడండి.

నిర్వాహకులు

సభ్యులకు మనవి: కార్డు ఫొటోలు, ఖాతా వివరాలు, రిఫరల్ లింకులు ఇక్కడ పెట్టవద్దు. రెండు లింకులను ఇప్పుడే తొలగించాం. చర్చ కొనసాగించండి.

పాతపెట్టె

ముందే డబ్బు నింపుకునే ట్రావెల్ కార్డు ఎలా ఉంటుంది? నగదు పోతుందన్న భయం ఉండదు, రేటు కూడా నింపిన రోజే ఖాయమైపోతుంది.

మేఘమాల

ఒకే కరెన్సీ ఉన్న ప్రాంతానికి వెళ్లేవారికి అది పనికొస్తుంది. యూరోలు నింపుకుని యూరో దేశాల్లోనే తిరిగితే లెక్క సూటిగా ఉంటుంది. నీలిదారి గారిలా నాలుగైదు దేశాలు తిరిగేవారికి అంత సుఖం లేదు. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు పెడితే క్రాస్ కరెన్సీ రుసుము పడుతుంది. కార్డు ఇచ్చేటప్పుడు ఒక రుసుము, మళ్లీ నింపితే ఒకటి, ఏటీఎంలో తీస్తే ఒకటి, చాలాకాలం వాడకపోతే మరొకటి, మిగిలింది వెనక్కి తీసుకుంటే మళ్లీ తక్కువ రేటు. నింపేటప్పుడు ఇచ్చే రేటును ఆ రోజు వీసా రేటుతో పోల్చి చూస్తే, రుసుము లేదని చెప్పిన కార్డులోనూ రేటులో ఎంత కలిపారో బయటపడుతుంది. అద్దె కార్ల సంస్థల్లో, కొన్ని హోటళ్లలో డిపాజిట్ కోసం ప్రీపెయిడ్ కార్డును ఒప్పుకోరు కూడా.

కిటికీసీటు

ఒక్కొక్క దేశంలో పద్ధతి ఒక్కోలా ఉంటుంది కదా. వెళ్లివచ్చినవారు దేశాలవారీగా చెబితే అందరికీ ఉపయోగం.

దూరపుబాట

నాకు తెలిసినంత చెబుతాను. స్వీడన్, నార్వేల్లో నగదు అసలు అవసరం రాకపోవచ్చు. స్వీడన్‌లో నగదు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి, అక్కడ ఏటీఎం రుసుము గురించి బెంగ పెట్టుకోవడమే అనవసరం. జర్మనీలో ఇందుకు భిన్నం. చిన్న దుకాణాలు, భోజనశాలలు కొన్ని నగదే అడుగుతాయి, లేదా తమ దేశీయ గిరోకార్డు మాత్రమే తీసుకుంటాయి. జపాన్‌లో అన్ని ఏటీఎంలూ విదేశీ కార్డును తీసుకోవు, అయితే సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లోని సెవెన్ బ్యాంక్ ఏటీఎంలు, పోస్టాఫీసు ఏటీఎంలు తీసుకుంటాయి. బ్రిటన్‌లో బ్యాంకు గోడలకున్న ఏటీఎంలు చాలావరకు యజమాని రుసుము అడగవు, చిన్న దుకాణాల్లో పెట్టినవి కొన్ని అడుగుతాయి, అడిగేవి ఆ సంగతి ముందే చెబుతాయి.

లండన్ రవాణాలో కాంటాక్ట్‌లెస్ కార్డు వాడితే ఆ రోజు ప్రయాణాలన్నీ కలిపి ఒకే మొత్తంగా బ్యాంకుకు పంపుతారు, రోజువారీ గరిష్ఠ పరిమితి కూడా వర్తిస్తుంది. ప్రతి లావాదేవీకీ కనీస రుసుము వేసే బ్యాంకుల ఖాతాదారులకు ఇది పెద్ద ఊరట. కాకపోతే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే కార్డును, లేదా ఒకే ఫోన్‌ను తాకించాలి. ఫోన్‌లో ఉన్న కార్డు, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కార్డు ఒకటే ఖాతాకు చెందినా వ్యవస్థకు అవి రెండు వేర్వేరు. ఫోన్‌తో చెల్లిస్తే రుసుము తగ్గుతుందని కొందరంటారు, తగ్గదు. ఫోన్ వెనక ఉన్న కార్డు నియమాలే వర్తిస్తాయి.

మేఘమాల

అమెరికాలో యజమాని రుసుమును తెర మీద చూపించి తీరాలన్న నియమం ఉంది, దాదాపు ప్రతి ఇతర బ్యాంకు ఏటీఎంలోనూ అది ఉంటుంది. పెట్రోలు బంకుల్లో యంత్రం చిరునామాలోని అయిదంకెల తపాలా కోడ్ (జిప్ కోడ్) అడుగుతుంది; విదేశీ కార్డుకు అది సరిపోదు కాబట్టి యంత్రం తిరస్కరిస్తుంది. కార్డు చెడిపోయిందని కంగారుపడి ఏటీఎం కోసం పరుగెత్తనక్కరలేదు, లోపల కౌంటర్ దగ్గరికి వెళ్లి ఇంత మొత్తానికి అని చెప్పి కార్డు ఇస్తే పని అయిపోతుంది.

చైనాలో అలీపే, వీచాట్ పేలకు విదేశీ వీసా, మాస్టర్‌కార్డ్‌లను జతచేసుకోవచ్చు. 200 యువాన్ల లోపు చెల్లింపుకు ఆ యాప్‌లు రుసుము తీసుకోవు, దాటితే మొత్తం మీద మూడు శాతం వేస్తాయి. నలుగురు కలిసి భోజనం చేసి ఒక్కరే చెల్లించేకంటే ఎవరి వంతు వారు చెల్లిస్తే ఆ మూడు శాతం మిగులుతుందని తెలిసినవారు చేస్తుంటారు. మీ బ్యాంకు విదేశీ రుసుము మాత్రం దీనికి వేరు.

దూరపుబాట

మేఘమాల గారు చైనా సంగతి చెప్పారు కాబట్టి దానికి పూర్తిగా వ్యతిరేకమైనవి కూడా చెప్పాలి. రష్యాలో 2022 మార్చి నుంచి బయటి దేశాల్లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డ్‌లు పనిచేయడం లేదు. ఇరాన్‌లో కూడా విదేశీ కార్డులు పనికిరావు. అలాంటి చోట్లకు నగదు తప్ప దారి లేదు, పాతపెట్టె గారి పద్ధతే అక్కడ ఏకైక పద్ధతి. అధికారిక రేటుకూ బజారు రేటుకూ పెద్ద తేడా ఉన్న దేశాలు ఇంకో రకం. అర్జెంటీనాలో చాలాకాలం కార్డుకు అధికారిక రేటే వచ్చేది, నగదు డాలర్లకు దాదాపు రెట్టింపు వచ్చేది. 2022 చివర్లో విదేశీ కార్డులకు బజారుకు దగ్గరైన రేటు ఇచ్చే ఏర్పాటు చేశాక ఆ తేడా బాగా తగ్గిపోయింది. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి, బయలుదేరే వారంలో ఒకసారి చూసుకోవాలి.

వేసవిసెలవు

రుసుముల లెక్క బాగుంది గానీ అసలు కార్డు పనిచేయాలి కదా. విదేశీ వాడకం మీ బ్యాంకు యాప్‌లో తెరిచి ఉందో లేదో, నగదుకూ కొనుగోళ్లకూ వేర్వేరు పరిమితులు ఉంటే అవి చాలినంత ఉన్నాయో లేదో వెళ్లే ముందే చూసుకోండి. పరిమితి తక్కువగా ఉంటే చిన్న చిన్న మొత్తాలుగా తీయాల్సి వచ్చి స్థిర రుసుము ప్రతిసారీ పడుతుంది. కొన్ని బ్యాంకులు విఫలమైన లావాదేవీకి, విదేశీ ఏటీఎంలో బ్యాలెన్స్ చూసినందుకు కూడా రుసుము వేస్తాయి. బ్యాలెన్స్‌ను యాప్‌లోనే చూసుకోండి. ఓటీపీ వచ్చే సిమ్‌ను ఫోన్‌లోంచి తీసేయవద్దు. ఆరంకెల పిన్ ఉంటే కొన్ని దేశాల ఏటీఎంలు నాలుగంకెలే తీసుకుంటాయి కాబట్టి దాన్ని మార్చుకుని వెళ్లడం మంచిది. ఖాతా రకం అడిగినప్పుడు సేవింగ్స్ నొక్కితే కొన్ని యంత్రాల్లో కుదరదు. కరెంట్ లేదా చెకింగ్ నొక్కి చూడండి.

ఏటీఎంను ఎంచుకునేటప్పుడు బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్నదాన్ని, వీలైతే శాఖ తెరిచి ఉన్న వేళలో వాడండి. కార్డు లోపల ఇరుక్కుంటే లోపలికి వెళ్లి అడగవచ్చు. పర్యాటకులు తిరిగే వీధుల్లో ఏ బ్యాంకు పేరూ లేకుండా నిలబెట్టిన మెరిసే యంత్రాలకు దూరంగా ఉండండి. యజమాని రుసుము, డీసీసీ మార్కప్ రెండూ ఎక్కువగా ఉండేది వాటిలోనే. అవి తెర మీద ముందుగా చూపించే మొత్తాలు కూడా అవసరానికి మించి పెద్దవి. ఇతర మొత్తం అన్నది నొక్కి మీకు కావలసింది మీరే కొట్టండి.

కిటికీసీటు

అంటే ఒకేసారి ఎక్కువ తీస్తే స్థిర రుసుము కలిసొస్తుంది, మిగిలిపోతే మళ్లీ మార్చడంలో నష్టం, జేబులో పెట్టుకుని తిరిగితే పోతుందన్న భయం. మధ్యే మార్గం ఏమిటి?

లెక్కలపద్దు

ఆ దేశంలో కార్డు తీసుకోని చోట్ల రోజుకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేసుకుని, అక్కడ ఉన్నన్నాళ్లకూ సరిపడా ఒకటి రెండుసార్లలో తీయడం. చివరి రోజుల్లో మిగిలిన నగదును హోటల్ బిల్లులో కొంత కట్టి, తేడాను కార్డుతో చెల్లించవచ్చు, చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. మార్పిడి కౌంటర్లు నాణేలు తీసుకోవు కాబట్టి ముందు నాణేలు ఖర్చు పెట్టండి. విదేశీ రుసుము లేని కార్డు ఇప్పటికే చేతిలో ఉండి, అర శాతం తేడా కోసం ఇంకో రెండు ఖాతాలు తెరవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే అవుతుంది. మూడు శాతం వేసే కార్డు నుంచి సున్నా వేసే కార్డుకు మారడం మాత్రం తప్పకుండా చేయదగ్గ పని.

నీలిదారి

నా బ్యాంకుకు రాతపూర్వకంగా అడిగాను, జవాబు వచ్చింది. డెబిట్ కార్డుకు మూడు శాతమూ స్థిర రుసుమూ రెండూ ఉన్నాయి. క్రెడిట్ కార్డుకు కొనుగోళ్ల మీద రెండు శాతం. అదే బ్యాంకులో విదేశీ రుసుము లేని వేరే రకం డెబిట్ కార్డు ఉందని, అడిగితే ఇస్తామని కూడా రాశారు. శాఖలో నోటిమాటగా అడిగినప్పుడు ఆ కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి దరఖాస్తు పెట్టాను. ఒక సందేహం మిగిలింది: హోటల్‌వారు మనల్ని అడగకుండానే మన కరెన్సీలో బిల్లు వేసేస్తే ఏం చేయాలి?

దూరపుబాట

రాతపూర్వకంగా అడగడం మంచి పని, నియమాల్లో తేడా వస్తే ఆ జవాబే ఆధారంగా ఉంటుంది.

హోటల్ విషయంలో, కౌంటర్ దగ్గర ఉండగానే గమనిస్తే ఆ లావాదేవీని రద్దు చేసి స్థానిక కరెన్సీలో మళ్లీ వేయమని అడగండి. అప్పటికప్పుడు రద్దు చేయడం వారికి కష్టం కాదు. సొమ్ము వాపసుగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు, వాపసు వేరే రోజు రేటుతో వస్తుంది, మీ బ్యాంకు వేసిన రుసుము తిరిగి రాకపోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల ప్రకారం కరెన్సీ ఎంపిక ఖాతాదారుదే, వ్యాపారి అడిగి తీరాలి. రద్దుకు ఒప్పుకోకపోతే రసీదు మీద, ఎంపిక ఇవ్వలేదని రాసి ఫొటో తీసుకుని, మీ బ్యాంకులో వివాదం దాఖలు చేయండి. ఒక హోటల్‌లో చెక్-ఇన్ వేళ సంతకం చేయించుకున్న కాగితంలోనే మార్పిడికి అంగీకారం ఒక వాక్యంగా ఇరికించి ఉండటం చూశాను. దాన్ని కొట్టేసి సంతకం చేస్తే వాళ్లేమీ అనలేదు.

వేసవిసెలవు

దీనికి తోడు చెక్-ఇన్‌లో డిపాజిట్ కోసం కార్డు మీద పెట్టే హోల్డ్‌ను క్రెడిట్ కార్డు మీదే పెట్టించండి. డెబిట్ కార్డు మీద పెడితే హోల్డ్ విడుదలయ్యే దాకా అంత డబ్బు ఖాతాలో వాడకానికి రాదు, అదే ఖాతా నుంచి ఏటీఎంలో తీయబోతే నిధులు చాలవని తిరస్కరిస్తుంది, కొన్ని బ్యాంకుల్లో ఆ తిరస్కారానికీ రుసుము పడుతుంది.

నీలిదారి

అర్థమైంది. కొత్త కార్డు వచ్చాక అందులో నగదు పరిమితి ఎంత పెట్టుకోవాలో ఇంకా నిర్ణయించుకోలేదు. ఒక్కో దేశానికీ ఎంత నగదు కావాలో అంచనా వేసి, పరిమితిని దానికి కొద్దిగా పైన పెట్టుకుంటే సరిపోతుందా?

లెక్కలపద్దు

సరిపోతుంది. ఆ దేశపు ఏటీఎంలు ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత ఇస్తాయో కూడా చూసుకోండి, కొన్నిచోట్ల మీ బ్యాంకు పరిమితి కంటే అదే తక్కువగా ఉంటుంది. అవసరం లేని రోజుల్లో విదేశీ నగదు వాడకాన్ని యాప్‌లో మూసి ఉంచి, ఏటీఎంకు వెళ్లే ముందు తెరుచుకోవచ్చు.